ప్రో టోర్నమెంట్‌లో మేనల్లుడి బ్యాగ్ మోయబోతున్న కావలి తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది కావలి. మా అక్క కొడుక్కి 17 ఏళ్ళు. హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడతాడు, జూనియర్ పోటీల్లో బాగా ఆడుతున్నాడు. వచ్చే నెల విశాఖలో ప్రొఫెషనల్స్ ఆడే నాలుగు రోజుల టోర్నమెంట్‌లో అమెచ్యూర్‌గా చోటు దొరికింది. బ్యాగ్ నన్నే మోయమంటున్నాడు. చిన్న పోటీల్లో వాడి వెంట తిరిగాను గానీ ప్రోల మధ్య ఎప్పుడూ లేను. ఒప్పుకోవాలా, అక్కడే బ్యాగ్ మోసే క్యాడీని ఎవరినైనా పెట్టుకోమనాలా? ఒప్పుకుంటే ఏమేం చూసుకోవాలి? పై స్థానం వస్తే డబ్బులిస్తారా అని బావ అడుగుతున్నాడు.

జవాబు:

ఒప్పుకో తమ్ముడూ. అక్కడి క్యాడీని కూడా పెట్టుకో, కాకపోతే ప్రాక్టీస్ రౌండ్ వరకే.

నేను నెల్లూరు వాడినే. చాలా ఏళ్ళు చెన్నైలో బ్యాగ్ మోశాను. టూర్ మీద, అంటే ఊరూరా వరసగా జరిగే ప్రో టోర్నమెంట్లలో ఆడే ప్రోలతో తిరిగాను, మీవాడి లాంటి పిలకాయలతోనూ తిరిగాను. నువ్వడిగిన దాంట్లో సగం పుస్తకంలో దొరుకుతుంది. మిగతా సగం కోసం కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకుని చదువు.

నిన్నే ఎందుకు వెళ్ళమంటున్నానంటే, 17 ఏళ్ళవాడు తొలిసారి ప్రోల పక్కన నిలబడితే స్వింగ్ కంటే ముందు నడక చెడుతుంది. అడుగు వేగం పెరుగుతుంది, మాట తగ్గుతుంది, దూరం సరిగ్గా చూసుకోకుండానే క్లబ్ లాగేస్తాడు. అది కనిపెట్టాలంటే వాడి మామూలు నడక తెలిసుండాలి. రొయ్యల చెరువు గట్టు మీద పడుకున్నోడికి ఏరియేటర్ చప్పుడు ఆగితే నిద్రలోనే మెలకువ వచ్చేసినట్టు, వాడిలో ఏదో మారిందని నీకు చప్పున తెలుస్తుంది. విశాఖలో ఆ రోజే పరిచయమైన క్యాడీకి ఎంత అనుభవమున్నా అది తెలియదు.

అనుభవం లేదని వెనక్కి తగ్గకు. 1913 యూఎస్ ఓపెన్‌లో ఫ్రాన్సిస్ విమెట్ అనే 20 ఏళ్ళ అమెచ్యూర్, ఆ కాలంలో పేరుమోసిన హ్యారీ వార్డన్, టెడ్ రే ఇద్దర్నీ, స్కోరు సమానమైనప్పుడు ఆడించే ప్లేఆఫ్‌లో ఓడించాడు. అతని బ్యాగ్ మోసింది ఎడ్డీ లోవరీ అనే పదేళ్ళ పిల్లాడు. మన దగ్గరికొస్తే అదితి అశోక్ ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్ళ నాన్న, తర్వాత టోక్యోలో వాళ్ళ అమ్మ క్యాడీలుగా ఉన్నారు. టోక్యోలో ఆ అమ్మాయికి ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానం వచ్చింది. అంటే ఇంటి మనిషి బ్యాగ్ మోయడం ఏమీ నామోషీ కాదు.

కాకపోతే ఒకటి. ఇంట్లో కూర్చుని వాడి స్వింగ్‌కి వంకలు పెట్టే మామవైతే మాత్రం ఈ పనికి పోవద్దు. అప్పుడు బయటి క్యాడీయే నయం. టోర్నమెంట్ వారంలో స్వింగ్ అన్న మాటే నీ నోట రాకూడదు. వాడికి కోచ్ ఉన్నాడు కదా, ఫోన్‌లో వాళ్ళిద్దరూ ఏమన్నా మాట్లాడుకుంటారు. నాలుగున్నర, ఐదు గంటల్లో వాడు తలకెత్తుకోవాల్సిన నిర్ణయాలు ఎన్ని తగ్గిస్తే నువ్వు అంత మంచి క్యాడీవి. నా లెక్కలో క్యాడీ పనంటే అంతే, మిగతాదంతా మోత కూలి.

వెళ్ళే ముందే ఒక సంగతి కనుక్కో. బయటి క్యాడీని తెచ్చుకోనిస్తారా, బంధువుల్ని ఒప్పుకుంటారా అన్నది టోర్నమెంట్ కమిటీ చేతిలో ఉంటుంది. క్యాడీల మీద షరతులు పెట్టే హక్కు రూల్స్‌లోనే కమిటీకి ఉంది. పేరు నమోదు చేసుకోవాలి, చొక్కా మీద తొడుక్కునే బిబ్ తీసుకోవాలి, బూట్లకి ఇనుప మేకులు ఉండకూడదు, ఇలాంటివి ఒక కాగితంలో ఉంటాయి. దానితో పాటే లోకల్ రూల్స్ షీట్ కూడా ఇస్తారు. వాట్సాప్‌లో వచ్చింది కదా అని పైపైన చూసి వదిలేయకు, రెండు చోట్ల మీవాడికి తేడా పడొచ్చు. ఒకటి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్. 2019 నుంచి మామూలుగా దాన్ని వాడుకోవచ్చు, కానీ కమిటీ వద్దంటే వద్దు. వాడుకోనిచ్చినా ఎత్తుపల్లాలు లెక్కగట్టే స్లోప్ బటన్ ఆపేసి ఉండాలి. రెండోది, బంతి. ప్రో పోటీల్లో చాలాచోట్ల రౌండ్ మొత్తం ఒకే కంపెనీ, ఒకే మోడల్ బంతితో ఆడాలని పెడతారు. మన పిలకాయలు బ్యాగ్‌లో రకరకాల బంతులు వేసుకుని తిరుగుతుంటారు. ఒకే రకానివి రెండు డజన్లు కొనిపెట్టుకోండి.

ఇక కావలిలో ఉండగానే నువ్వు చేసుకోవాల్సిన పని. బంతులు, గొడుగు, నీళ్ళు, రెయిన్ సూట్ అన్నీ పెడితే పెద్ద టూర్ బ్యాగ్ 15 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజాన వేసుకుని రోజుకి 8 నుంచి 10 కిలోమీటర్లు, ఎత్తూ పల్లం చూడకుండా నడవాలి. ప్రాక్టీస్ రౌండ్‌తో కలిపి అలా ఐదారు రోజులు. మీవాడి దగ్గర తేలిక స్టాండ్ బ్యాగ్ ఉంటే అదే తెమ్మను. ప్రోలంతా పెద్ద బ్యాగులతో వస్తారు కదా మామా అని మొహమాటపడతాడు, పడనీ. మోసేది నువ్వు.

దూరాలు అంగలతో కొలవడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకో. గోల్ఫ్‌లో లెక్కంతా యార్డుల్లోనే, అంటే మన ఇళ్ళ స్థలాల గజమే. జవహర్ భారతి గ్రౌండ్‌కి వెళ్ళి టేపుతో 100 మీటర్లు కొలిచి గీత గియ్యి. ఆ దూరాన్ని 109 అంగల్లో నడిచావంటే నీ అంగ ఒక గజం అయినట్టే. మొదట్లో 120, 125 వస్తాయి. కాలు సాచి సాచి నడిస్తే తొడలు పట్టేస్తాయి, వారం రోజుల్లో సర్దుకుంటుంది. మైదానంలో నీ యార్డేజ్ బుక్‌లో, అంటే కోర్సు దూరాలు రాసుండే పుస్తకంలో ఉన్న గుర్తు దగ్గర్నుంచి బంతి దాకా నడిచి దూరం చెప్పాల్సింది నువ్వే. రేంజ్‌ఫైండర్ వాడుకోనిచ్చినా సరే, అది జెండా దూరం చెబుతుంది గానీ గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) ముందు అంచు ఎంతో, బంకర్ (ఇసుక గుంత) దాటాలంటే ఎంత కావాలో అంత తేలిగ్గా చెప్పదు.

ప్రాక్టీస్ రౌండ్ సంగతికొస్తాను. ముందు ఊరికే బంతులు కొట్టేసి, ఫొటోలు దిగి, సాయంత్రం బీచ్‌కి పోదామనుకుంటారు. ఆ ఒక్క రోజే మీకు మిగతా రోజుల అన్నం పెడుతుంది. క్యాడీ మాస్టర్‌ని అడిగితే అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న క్యాడీని ఒకర్ని చూపిస్తాడు. డబ్బు దగ్గర బేరాలాడకు. అతను చెప్పే మాటలు యార్డేజ్ బుక్‌లో ఉండవు. ఈ గ్రీన్ చూడ్డానికి ఎడమకి వాలుగా ఉంటుంది గానీ బంతి తిరగదంటాడు. ఆ బంకర్‌లో ఇసుక పల్చన, కింద గట్టి నేలంటాడు. మధ్యాహ్నం దాటితే ఈ హోల్‌లో ఒక క్లబ్ ఎక్కువ, అంటే ఇంకాస్త దూరం పోయేది తీసుకోమంటాడు. నీ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకో, పెన్ను చెమటకి చెదిరిపోతుంది. మీవాడు ప్రతి గ్రీన్ మీదా ఆ రోజు జెండా ఉన్న చోటికే, బంతిని నేల మీద దొర్లించే పట్‌లు కొట్టుకుంటూ కూర్చుంటాడు, ఆపు. పోటీ రోజుల్లో జెండా అక్కడ ఉండదు. గ్రీన్ నాలుగు మూలలకీ బంతులు దొర్లించి చూడమను. గ్రీన్ చుట్టూ ఎక్కడ తప్పినా పర్లేదు, ఎక్కడ తప్పితే కొంప మునుగుతుంది అన్నది ప్రతి హోల్‌కీ ఒక్క ముక్కలో రాసుకో. నేనైతే తప్పకూడని వైపు అడ్డగీత కొట్టుకుంటాను. నాలుగు రోజులూ నాకు ఆ గీతే దిక్కు.

ఇప్పుడు ఒక షాట్ దగ్గర నిలబడి చూద్దాం. ప్రతి ఉదయం పిన్ షీట్ ఇస్తారు. గ్రీన్ ముందు అంచు నుంచి జెండా ఎంత లోపల ఉంది, కుడి ఎడమ అంచుల్లో దగ్గరి దాని నుంచి ఎంత దూరం అన్నవి అందులో ఉంటాయి. అనుకో, బంతి దగ్గర్నుంచి ముందు అంచుకి 148 గజాలు. షీట్‌లో 22, కుడి నుంచి 5 అని ఉంది. అంటే జెండాకి 170, కుడి పక్క ఐదు గజాలే ఖాళీ, ఆ తర్వాత నీళ్ళు. గాలి ఎదురు, గంటకి ఐదు మైళ్ళు ఉంటుందేమో. ఎదురుగాలికి మైలుకి ఒక శాతం కలుపుకోవాలి, వెనక గాలికి అందులో సగం తీసేయాలి. ఇది క్యాడీల మోటు లెక్క, చాలావరకు పనికొస్తుంది. అంటే 178 గజాల షాట్ అనుకుని ఆడాలి. మీవాడు సెవెన్ ఐరన్ క్లబ్‌తో 165 గజాలు, సిక్స్ ఐరన్‌తో 177 కొడతాడు.

ఈ లెక్కంతా నీ తలలో జరగాలి. వాడికి చెప్పేది ఇంతే: "ముందుకి 148, జెండా 170, ఆడేది 178. సిక్స్. జెండాకి ఎడమ." వాడు అవునంటే క్లబ్ ఇచ్చి పక్కకొచ్చేయ్. కాదు మామా, సెవెన్‌ని గట్టిగా కొడతానంటే "సిక్స్ కాస్త అటూ ఇటూ తగిలినా గ్రీన్ మీదే ఉంటుంది" అని ఒక్కసారి చెప్పు. అయినా సెవెనే అన్నాడనుకో, ఇచ్చెయ్, ఇచ్చాక మొహం మాడ్చుకోకు. సందేహంతో కొట్టిన సరైన క్లబ్ కంటే నమ్మకంతో కొట్టిన తప్పు క్లబ్ మేలని టూర్ క్యాడీలు అంటుంటారు. నేను చూసినంతలో అది నిజమే. గుంపులో పెద్ద క్యాడీలు తమ ప్లేయర్లతో రెండేసి నిమిషాలు చర్చిస్తుంటారు, వాళ్ళని చూసి నువ్వూ మొదలెట్టకు. మామూలుగా ఒక స్ట్రోక్‌కి 40 సెకన్లు మించొద్దని రూల్స్ చెబుతాయి. కొత్తవాడున్న గుంపు వెనకబడితే రెఫరీ చూపు ముందు వాడి మీదే పడుతుంది. గడియారం పెట్టారని తెలిసిన పిలకాయ చేతులు ఎలా వణుకుతాయో నేను చాలాసార్లు చూశా.

గాలి గురించి కావలి వాడికి నేను చెప్పేదేంది. తుమ్మలపెంట ఒడ్డున పొద్దున్నే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోవడం, పొద్దెక్కాక సముద్రం మీద నుంచి తిరిగి రావడం నువ్వు చూసిందే. విశాఖలోనూ అంతే. మొదటి రెండు రోజుల్లో మామూలుగా ఒక రోజు పొద్దున, ఒక రోజు మధ్యాహ్నం ఆడిస్తారు. అందుకని మొదటి రోజు ఎయిట్ ఐరన్ కొట్టిన చోట రెండో రోజు సిక్స్ కావాల్సి రావచ్చు. నిన్న ఇక్కడ ఏం కొట్టావో గుర్తుందా అని వాడు అడిగితే క్లబ్ పేరు ఒక్కటే చెప్పకు, గాలితో సహా చెప్పు. గడ్డి చిటికెడు ఎగరేస్తే నీ నడుము దగ్గరి గాలి తెలుస్తుంది, బంతి పోయేది చెట్ల చివర్ల పైన. కొమ్మలు, గ్రీన్ మీద జెండా రెండూ చూడు. పౌడర్ చల్లి గాలి చూడ్డం మాత్రం నిషేధం, గడ్డి తప్పు లేదు. ఇంకో మాట, ఉక్కపోత రోజు గాలి బరువెక్కి బంతి తక్కువ పోతుందని కోర్సుల్లో చాలామంది అంటుంటారు. తేమ గాలి నిజానికి పొడి గాలి కంటే కొంచెం తేలిక, బంతికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఉక్కలో నష్టం చేసేది చెమట. మూడు టవళ్ళు పెట్టుకో, ఒకటి పొడిది వాడి గ్రిప్‌కి, చేతికి మాత్రమే. మిగతా రెండూ నీ ఇష్టం.

రూల్స్‌లో నీ వల్ల వాడికి పడే శిక్షలే ఎక్కువ భయపెట్టాలి. క్యాడీ తప్పు చేస్తే స్కోరు పోయేది ప్లేయర్‌దే. మొదటిది, క్లబ్బులు 14. ఒకటి ఎక్కువైతే ఆడిన ప్రతి హోల్‌కీ రెండు స్ట్రోకులు, రౌండ్‌కి గరిష్ఠంగా నాలుగు. 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లో బర్డీ (పార్, అంటే ఆ హోల్‌కి పెట్టిన లెక్క కంటే ఒక స్ట్రోక్ తక్కువ) కొట్టాడు, రెండో టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గర తెలిసింది బ్యాగ్‌లో అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బులు, డ్రైవర్లు, రెండు ఉన్నాయని. పొద్దున ప్రాక్టీస్ రేంజ్‌లో రెండోది కొట్టి చూసుకున్నాడు, క్యాడీ లెక్కపెట్టలేదు. రెండు స్ట్రోకులు పోయాయి. మీవాడి ఈడు వాళ్ళు రేంజ్‌లో పక్కవాడి వెడ్జ్ అడిగి కొట్టి చూస్తారు, కంపెనీ వాళ్ళిచ్చే కొత్త క్లబ్ చూస్తారు, మర్చిపోయి బ్యాగ్‌లో పెట్టేస్తారు. మొదటి టీ మీద వాడి కళ్ళ ముందే వేలు పెట్టి 14 లెక్కపెట్టు. పెద్ద క్యాడీలు కూడా చేస్తారు, ఎవరూ నవ్వరు.

రెండోది నువ్వు నిలబడే చోటు. వాడు స్టాన్స్ తీసుకోవడం, అంటే కొట్టడానికి కాళ్ళు సర్దుకుని నిలబడటం మొదలుపెట్టాక బంతి వెనక, ఆడే లైన్ పొడుగున నువ్వు ఉండకూడదు. గురి సరిగ్గా ఉందా లేదా అని చూసిపెట్టడం 2019 నుంచి కుదరదు. ఆ ఏడాది జనవరిలో దుబాయ్‌లో చైనా ఆటగాడు లీ హావోటాంగ్‌కి చివరి గ్రీన్ మీద ఇందుకే రెండు స్ట్రోకులు పడ్డాయి. తర్వాత ఆ రూల్‌ని కొంచెం సడలించారు. వాడు స్టాన్స్ వదిలి వెనక్కొచ్చి, నువ్వు పక్కకెళ్ళాక మళ్ళీ తీసుకుంటే శిక్ష ఉండదు. అయినా ఆ గొడవ మనకెందుకు, క్లబ్ ఇచ్చిన వెంటనే పక్కకి జరగడం ఒక అలవాటు చేసుకో.

మూడోది మాటలు. మీ గుంపులో ఉండే ప్రోల క్యాడీలు కలుపుగోలుగానే ఉంటారు, తెలుగు, హిందీ, బెంగాలీ అన్నీ వినపడతాయి. కబుర్లాడు. ఏ క్లబ్ కొట్టారన్న మాట మాత్రం అడగకు, అడిగితే చెప్పకు, రెండూ శిక్షే. బంకర్‌కి దూరమెంత, జెండా ఎక్కడుంది, ఇలాంటివి అడగొచ్చు, అవి అందరికీ తెలిసేవే. పక్కవాడి బ్యాగ్‌లో ఏ క్లబ్ లేదో ఊరికే చూసి తెలుసుకోవచ్చు. పైన కప్పిన టవల్ కదిపి చూశావంటే మాత్రం తప్పు.

బంకర్‌లో బంతి ఉండగా ఇసుకని చేత్తో గానీ రేక్‌తో గానీ నొక్కి చూడకు, కొట్టి బయటికి వచ్చాకే సదును చెయ్యి. బంతి వెతకడానికి మూడు నిమిషాలే. పాత రోజుల ఐదు నిమిషాల లెక్క ఇంకా కొందరి నోళ్ళలో ఉంది, నమ్మకు. అడవి వైపు పోయిందనిపిస్తే ముందుకి నడవక ముందే ప్రొవిజనల్ బంతి, అంటే మొదటిది దొరక్కపోతే పనికొచ్చే ఇంకో బంతి ఆడించు, ఆ మాట పైకి గట్టిగా అననివ్వు. బెరుకుతో గొణుగుతారు, పక్కన వాడి స్కోరు రాసే మార్కర్‌కి వినపడదు, అనకుండా కొడితే అదే ఆటలో బంతి అయిపోతుంది. గ్రీన్ మీద బంతిని మార్క్ చేసి ఎత్తే హక్కు క్యాడీకి ఉంది. కానీ ముందుగా అనుకోకుండా చెయ్యకు, ఇద్దరూ రెండోవాళ్ళు చేస్తారులే అనుకునే చోటే గందరగోళం వస్తుంది. ఏదైనా తేలకపోతే చెయ్యెత్తి రెఫరీని పిలువు. ప్రోలు చిన్నదానికీ పిలుస్తారు, అమెచ్యూర్లు సిగ్గుపడి పిలవరు.

ఇక అన్నిటికంటే కష్టమైంది, చెడు హోల్ తర్వాత ఏం చెయ్యాలి. డ్రైవర్ దూరంలో మీవాడు ప్రోలకి తీసిపోడు, చూస్తావుగా, కొందరి కంటే ముందే ఉంటాడు. ప్రోలు వేరుపడేది 100 గజాల లోపల, ఇంకా ముఖ్యంగా తప్పు షాట్ తర్వాత ఆడే షాట్ దగ్గర. వాళ్ళు అడ్డంగా ఫెయిర్‌వే (మధ్యలో పొట్టిగా కోసిన గడ్డి) మీదకి తీసుకొచ్చి బోగీతో, అంటే పార్ కంటే ఒక స్ట్రోక్ ఎక్కువతో బయటపడతారు. పిలకాయ చెట్ల సందులోంచి గ్రీన్ మీదకి కొట్టాలని చూసి ఏడో ఎనిమిదో వేసుకుంటాడు.

ఒకసారి ఒక కుర్రాడు, వయసు ఇంచుమించు ఇంతే, నీళ్ళలో బంతి వేసి పార్ ఫోర్‌లో ఏడు కొట్టాడు. తర్వాతి టీకి నాకంటే ముందు నడిచిపోయి డ్రైవర్ కోసం చెయ్యి చాచాడు. అక్కడ డ్రైవర్ సరిగ్గా తగిలితే పోయే దూరంలోనే బంకర్ ఉంది. వద్దంటే ఇంకా మొండికేస్తాడు. డ్రైవర్ కవర్ తీయకుండా చేత్తో పట్టుకుని "ఆ బంకర్ ముందు అంచుకి ఎంతన్నావు పొద్దున?" అని అడిగా. పుస్తకం తీశాడు, పేజీ తిప్పాడు, 258 అన్నాడు. దాటడానికి ఎంత అంటే మళ్ళీ చూసి 281 అన్నాడు. ఓ క్షణం అలాగే నిలబడి, డ్రైవర్ కంటే తక్కువ దూరం పోయే త్రీ వుడ్ ఇవ్వమన్నాడు. పార్ కొట్టాడా లేదా అన్నది పక్కన పెట్టు. కోపంలో ఉన్నవాడికి సలహా ఎక్కదు. ఒక అంకె వెతుక్కోమంటే వెతుక్కుంటాడు, అది చూసే లోపు ఊపిరి నెమ్మదిస్తుంది. ఈ కిటుకు నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ పనిచెయ్యకుండా పోలేదు.

ఇద్దరూ ముందే కూర్చుని కొన్ని మాట్లాడుకోండి. బోగీ పడ్డాక కబుర్లు చెప్పాలా, నోరు మూసుకోవాలా? అడిగితేనే పట్ లైన్ చెప్పాలా, ప్రతిసారీ చెప్పాలా? 36 హోల్స్ తర్వాత వెనకబడినవాళ్ళని తీసేసే కట్ ఉంటుంది, రెండో రోజు చివర్లో కట్ ఎంత మామా అంటే నిజం చెప్పాలా, తెలియదనాలా? జవాబులు వాడివే, నువ్వు పాటించు. నామటుకు నేను కట్ నంబర్ అడిగినవాళ్ళకి చెప్పేస్తాను. దాచిపెడితే స్కోర్‌బోర్డ్ కోసం మెడ తిప్పుకుంటూ ఆడతారు, దానికంటే తెలిసి ఆడటమే నయం.

షాట్‌కీ షాట్‌కీ మధ్య ఉన్న టైమంతా నీదే. ఆట కాకుండా వేరే ఏదైనా మాట్లాడు, క్రికెట్టో, వాళ్ళ కాలేజీ గొడవలో, కావలిలో అమ్మమ్మ సంగతులో. బంతికి ఓ 30 గజాల దూరం రాగానే మాట ఆపి దూరం లెక్క మొదలెట్టు. కొన్ని హోల్స్ అయ్యేసరికి వాడికీ అదే లయ అబ్బుతుంది. అక్క, బావ చూడ్డానికి వస్తారేమో, రావద్దనలేం. ప్రతి గ్రీన్ దగ్గరా ఎదురుగా నిలబడి మొహంలో మొహం పెట్టి చూడొద్దని నువ్వే చెప్పు, మీ అక్కకి నీ మాటే చెల్లుతుంది.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రౌండ్‌కి రెండు గంటల ముందు ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్, బ్యాగ్‌లో అరటిపళ్ళు, వేరుశనగ చిక్కీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. మూడు హోల్స్‌కి ఒకసారి దాహం వేసినా వేయకున్నా నీళ్ళు తాగించు. నువ్వూ తాగు, బ్యాగ్ మోస్తున్నది నువ్వు. అమ్మమ్మ చేపల పులుసు కట్టిస్తానంటే మాత్రం టోర్నమెంట్ అయ్యాకే తింటామని చెప్పు.

రౌండ్ అయిపోగానే కార్డు. ప్రతి హోల్ స్కోరూ సరైనదని సంతకం పెట్టే బాధ్యత ప్లేయర్‌దే. ఉన్నదానికంటే తక్కువ రాసి సంతకం పెడితే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఎక్కువ రాసి పెడితే ఆ ఎక్కువే నిలబడుతుంది. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో 17వ హోల్‌లో మూడు కొట్టాడు, కార్డులో మార్కర్ నాలుగు వేశాడు, చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఆ ఒక్కటితో ప్లేఆఫ్ పోయింది. స్కోరింగ్ టెంట్‌లోకి క్యాడీని రానివ్వకపోవచ్చు. అందుకని నీ పుస్తకంలో ప్రతి హోల్ స్కోరూ వేరుగా రాసుకో. గ్రీన్ దిగి టెంట్‌కి నడిచే దారిలోనే 18 హోల్స్ ఒక్కొక్కటిగా వాడితో చెప్పించి సరిచూసుకోండి. చివరి గ్రీన్ మీద మూడు పట్‌లు కొట్టి ఏడుపు మొహంతో ఉన్నా సరే.

ఇక బావ అడిగిన డబ్బు సంగతి. అమెచ్యూర్‌గా ఆడుతున్నంత కాలం పెద్ద ప్రైజ్ మనీ ముట్టుకోకూడదు. 2022 జనవరి నుంచి అమలైన అమెచ్యూర్ స్టేటస్ రూల్స్ ప్రకారం వెయ్యి అమెరికన్ డాలర్ల దాకా బహుమతి తీసుకోవచ్చు, అది దాటితే అమెచ్యూర్ హోదా పోతుంది. పై స్థానం వస్తే పేరు వాడిది, ఆ స్థానం డబ్బు కింద ఉన్న ప్రోకి పోతుంది. 2024 జనవరిలో అమెరికాలో నిక్ డన్‌లప్ అనే కాలేజీ కుర్రాడు పీజీఏ టూర్ టోర్నమెంట్ గెలిచాడు, విజేతకి రావాల్సిన 15 లక్షల పైచిలుకు డాలర్లు రెండో స్థానంలో ఉన్నతనికి ఇచ్చారు. మన ఇండియన్ ఓపెన్‌ని మొదట గెలిచిన భారతీయుడు పి.జి. సేథీ కూడా అమెచ్యూరే, 1965లో. అయితే అదే 2022 రూల్స్‌లో స్పాన్సర్‌షిప్ మీద ఉన్న పాత ఆంక్షలు తీసేశారు కాబట్టి ప్రయాణం, హోటల్, క్లబ్బుల ఖర్చు ఎవరైనా పెట్టుకుంటామంటే బావ నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం రాష్ట్ర గోల్ఫ్ అసోసియేషన్ వాళ్ళకి ఒకసారి చూపించండి. నీ కూలి సంగతి అక్కతో తేల్చుకో, దానికి రూల్స్ ఏమీ లేవు.